తిప్పి పెట్టిన ఫొటో

జెమీమా మదనపల్లె మిషన్ ఆస్పత్రి వెనక వీధిలో పెరిగింది. వాళ్లమ్మ పుష్పమ్మ నర్సుగా చేసి రిటైరయింది. జెమీమా మైక్రోబయాలజీలో పీహెచ్‌డీ చేసి, ఊరి బయట ఒక ప్రైవేటు యూనివర్సిటీలో లెక్చరరుగా చేరింది. కాంట్రాక్టు ఉద్యోగం. ఏటా జూన్‌లో మళ్లీ ఇంటర్వ్యూకు కూర్చోవాల.

ఎమ్మెస్సీ పిల్లలకు శుక్రవారం సెమినార్ క్లాసు ఆమెదే. ఒక్కొక్కరు ఒక పరిశోధన పేపరు చదివి, స్లైడ్లు వేసి చెప్పి, అందులో లోపాలేమన్నా ఉంటే పట్టాలి. నోట్సు రాసుకోవడమే తెలిసిన పిల్లలు మొదట్లో ప్రతి పేపరునూ పొగిడి కూర్చునేవాళ్లు.

"అచ్చయిందని నమ్మేయొద్దు. రాసింది మనలాంటోళ్లే. ముందు బొమ్మలు సూడండి, మాటలు తర్వాత," అని ఆమె వాళ్ల వెంటపడేది.

వర్షితది బైరెడ్డిపల్లె పక్కన పల్లె. కుప్పంలో డిగ్రీ చదివి వచ్చింది. చేరినప్పుడు పేరు చెప్పడానికే బెదిరేది. దసరా సెలవులొచ్చేసరికి క్లాసులో అందరికన్నా ఎక్కువ అడిగేది ఆ పిల్లే. జెమీమాకు తన చదువంతా ఈ ఒక్క పిల్లతో సార్థకమైనట్టు ఉండేది.

తన వంతు వచ్చినప్పుడు వర్షిత జెమీమా పేపరునే ఎంచుకుంది. టమోటా మొక్కలు నిలువునా వాడిపోయే తెగులుకు వేపాకు కషాయం పనిచేస్తుందని, నెల నిలవుంచినా దాని బలం తగ్గదని రాసిన పేపరది. పైన జెమీమా పేరు, తర్వాత ఆమె పీహెచ్‌డీ గైడు భీమరావు పేరు.

"మీ పని మావాళ్లందరికీ తెలియాల మేడమ్," అనింది వర్షిత.

ఆ శుక్రవారం వర్షిత బాగానే మొదలుపెట్టింది. ఫొటోల స్లైడు దగ్గర ఆగిపోయింది.

"ఇది చెప్పాలో వద్దో తెలీడం లేదు మేడమ్."

"చెప్పమ్మా. క్లాసు పెట్టుకున్నది దానికే కదా."

తెర మీద క్రిములను పెంచిన గుండ్రటి ప్లేట్లు రెండు. ఒకటి తాజా కషాయానిది, ఒకటి నెల నిలవున్నదానిది. వర్షిత రెండో ఫొటోను కొంచెం కొంచెంగా తిప్పి మొదటిదాని మీద పెట్టింది. అంచున గీత, పక్కన గాలిబుడగ, మధ్యలో క్రిములు పెరగని వలయం, అన్నీ సరిగ్గా కూర్చున్నాయి.

"రెండూ ఒకటే ప్లేటు మేడమ్."

జెమీమా తెర దగ్గరికి వెళ్లి చూసింది. నెల నాటి ప్లేటు ఫొటో మసకగా వచ్చిందని భీమరావుకు చెప్పినట్టు గుర్తు. నేను చూసుకుంటాలే అన్నాడాయన. అచ్చయినాక ఆమె తన పేరు చూసుకుంది గానీ బొమ్మలు చూడలేదు.

"నువ్వు చెప్పింది నిజమే," అని కూర్చుంది.

సాయంత్రం భీమరావుకు ఫోన్ చేసింది.

"ఫలితం మారలేదు కదమ్మా. యాల కెలుకుతావు ఇప్పుడు?"

"నాకు చెప్పకుండా మార్చినారు సార్. నా పేరు ముందుండాది."

"అదే నేనూ సెప్తాండాను. నీ పేరే ముందుండాది."

ఆమె ఆ పేపరు అచ్చేసిన పరిశోధన పత్రికకు ఉన్నదున్నట్టు రాసింది. వాళ్లు భీమరావునూ అడిగారు. ఫొటోలన్నీ విద్యార్థిని బాధ్యత అని ఆయన జవాబిచ్చాడు. చలికాలంలో ఆ పేపరును వెనక్కి తీసుకున్నారు. బొమ్మలు నమ్మదగినవి కావని ప్రకటన వేశారు, ఎవరు మార్చారో రాయలేదు. నెట్‌లో జెమీమా పేరు వెతికితే మొదట అదే కనిపించేది.

"ఆ పిల్లను ఆ రోజే గదమాయించి కూర్చోబెట్టుంటే ఇంత దూరం వచ్చుండదు," అనింది పుష్పమ్మ.

"నేను నేర్పిందే కదమ్మా చేసింది."

ఏప్రిల్‌లో వర్షితకు రెండో వంతు వచ్చింది. ఈసారి ఎవరిదో మల్బరీ ఆకు మచ్చల తెగులు మీద పేపరు. ఇరవై మొక్కలతో మొదలైన ప్రయోగం, ఫలితాల పట్టికకు వచ్చేసరికి పద్నాలుగు మొక్కలే. తక్కిన ఆరు ఏమైనాయో రాయలేదు. వర్షిత ఆ పట్టికను చదివి, ముందుకు వెళ్లిపోయింది.

"ఇంకేమన్నా అడగాల్సింది ఉండాదా వర్షితా?"

"లేదు మేడమ్. చానా బాగుండాది పేపరు."

తల ఎత్తలేదు. ఆ తేడాను ఆ పిల్ల చూసిందని జెమీమాకు తెలుసు. ఎందుకు చెప్పలేదో కూడా తెలుసు. రెట్టించి అడిగే హక్కు తనకు లేదనిపించింది.

జూన్ ఇంటర్వ్యూలో ఒకాయన ఫోన్‌లో ఆ ప్రకటన చదివి వినిపించాడు.

"పత్రికకు రాసి చెప్పింది నేనే సార్," అనింది జెమీమా.

"అంటే తప్పు ఒప్పుకున్నట్టే కదమ్మా."

కాంట్రాక్టు మళ్లీ ఇవ్వలేదు. భీమరావు మాత్రం తన యూనివర్సిటీలో ఆ ఏడే డీన్ అయినాడు.

ఇప్పుడు జెమీమా పొద్దున్నే బస్సెక్కి పుంగనూరు పోయి ఒక జూనియర్ కాలేజీలో బాటనీ చెప్తాండాది. పిల్లలు జవాబులు బట్టీ పట్టి అప్పజెప్తారు. మొన్న ఒక పిల్ల లేచి, "మేడమ్, పుస్తకంలో బొమ్మ ఒకలా ఉండాది, కింద రాసింది ఇంకోలా ఉండాది," అనింది.

"పుస్తకంలో ఉన్నదే రాయి. మార్కులు దానికే," అని జెమీమా పేజీ తిప్పింది.