చెక్క మామ చెయ్యి

నా వృత్తి లిఫ్టులు బిగించడం. ఏ దేశంలో కొత్త మేడ లేస్తే అక్కడికి పెట్టె సర్దుకుని పోవడమే. వేలాడేది ఏదైనా ఎప్పుడో ఒకప్పుడు పడుతుందన్న భయంతోనే నా బతుకంతా గడిచింది. నిజానికి ఆ భయానికే నాకు జీతం ఇస్తారు. మేడల్లో మాత్రం నన్నెవరూ భయపెట్టలేరు. మేడ దాకా తీసుకెళ్ళే బళ్ళే నా ప్రాణం తీస్తాయి.

ఒక ఊళ్ళో మూడు చక్రాల బండివాడు దారంతా వెనక్కి తిరిగి తన బావమరిది సంగతులు చెప్పాడు. కాస్త రోడ్డు వైపు చూడు నాయనా అని బతిమాలితే, "రోడ్డు ఎక్కడికీ పోదు సార్, మీరే దిగి వెళ్ళిపోతారు" అన్నాడు. మరోచోట జీపులో ఎవరిదో మేకను తెచ్చి నా ఒళ్ళో కూర్చోబెట్టారు. అది నా టోపీ సగం నమిలేసింది. మేక యజమానురాలు మిగిలిన సగం నా నెత్తిన పెట్టి, "మీరు దానికి నచ్చారు" అంది. మంచు కురిసే ఒక నగరంలో ట్రాము ఆగిపోతే ప్రయాణికులమంతా దిగి తోశాం. అది కదిలి మేం ఎక్కాక, రొప్పుతున్న మమ్మల్ని కండక్టరు మళ్ళీ టికెట్లు చూపించమన్నాడు.

ఇవన్నీ చెప్పి ఇంట్లోవాళ్ళను నవ్విస్తుంటాను. చెక్క మామ దగ్గరికి వచ్చేసరికి మాత్రం నాకే నవ్వు రాదు.

అది కొండ మీది ఊరికి వెళ్ళే బస్సు. ఏ భాగం ఎప్పుడు రాలుతుందో దానికే తెలియదు. వెనక నిచ్చెన మీద ఒకాయన వేలాడుతూ వస్తాడు. ఒక పక్క పలచగా చెక్కిన పెద్ద చెక్క దిమ్మ ఆయన చంకలో ఉంటుంది. కొండ మలుపులు బాగా ఇరుకు, బస్సు ఒక్క ఊపున తిరగదు. ముందు ముక్కు రాతిగోడ దాకా పోనిచ్చి, లోయ వైపు వెనక్కి వచ్చి, ఆగి, మళ్ళీ ఎక్కాలి. ఆ ఆగిన క్షణంలో బస్సు జారకుండా ఈయన కిందికి దూకి వెనక చక్రానికి చెక్క అడ్డం పెడతాడు. బస్సు కదలగానే దాన్ని లాక్కుని పరుగెత్తి నిచ్చెన అందుకుంటాడు. పెళ్ళికి ముందునుంచీ ఇదే పని. చెక్క మోసీ మోసీ ఒక భుజం కిందికి దిగిపోయింది. ఊరంతా ఆయన్ను చెక్క మామ అంటారు. కోపం వచ్చినప్పుడు భార్య కూడా అలాగే పిలుస్తుందట.

నాకు చివరి సీటు దొరికింది. అద్దం లేని వెనక కిటికీలోంచి ఆయన మోకాళ్ళు కనిపిస్తున్నాయి. పక్కన కూరల బుట్ట ఒళ్ళో పెట్టుకుని ఒక పెద్దమ్మ కూర్చుంది.

"ఇవాళ మామ కూతురికి పరీక్ష. బస్సు తోలేది అదే" అంది.

డ్రైవరు సీట్లో జడను ముడి చుట్టుకున్న అమ్మాయి కనిపించింది. పక్కనే పరీక్ష పెట్టే ఇన్‌స్పెక్టరు. నా పై ప్రాణాలు పైనే పోయాయి.

"ఇదివరకు తోలిందా?" అన్నాను.

"రెండుసార్లు తప్పింది. పిల్ల బాగానే తోలుతుంది. తప్పించింది ఈ మహానుభావుడే" అని కిటికీ వైపు గడ్డంతో చూపించింది.

సంగతేమిటంటే, పరీక్షలో అన్నిటికంటే ఏటవాలు మలుపు దగ్గర డ్రైవరు తనంతట తనే బస్సును నిలబెట్టి ఎక్కించాలి. చక్రానికి చెక్క తగిలిందా, పరీక్ష పోయినట్టే. రెండుసార్లూ బస్సు బెత్తెడు జారేసరికి తండ్రి చెయ్యి ఆగలేదు. ఈసారి కూడా పోతే ఆ అమ్మాయిని ఇక పిలవరు.

"ఇవాళొక్కరోజు ఇంకొకర్ని పెట్టుకోవచ్చుగా?"

జవాబు కిటికీలోంచి వచ్చింది. "ఇంకొకడైతే, నిజంగా జారినా మొహమాటానికి చూస్తూ నిలబడతాడేమో బాబూ. బస్సులో ఉన్నది నా కూతురొక్కతే కాదుగా."



ఆ మలుపు రానే వచ్చింది. రోజూ ఇక్కడ సగంమంది దిగి నడిచి ఎక్కుతారట. ఇవాళ ఒక్కరూ లేవలేదు. నేను లేవబోయాను. పెద్దమ్మ చొక్కా పట్టి లాగింది.

"కూర్చో. నువ్వు దిగితే పిల్ల బెదిరిపోతుంది."

ఇన్‌స్పెక్టరు తల బయటపెట్టి, "మామా, ప్రమాదం అనిపిస్తే పెట్టెయ్. పరీక్ష మాట మర్చిపో" అన్నాడు.

"అలాగే సార్" అంటూ ఆయన దూకాడు.

బస్సు ముక్కు గోడ దాకా వెళ్ళింది. వెనక్కి వచ్చింది. వెనక కిటికీ కింద రోడ్డు అయిపోయి లోయ మొదలైంది. బస్సు ఆగింది. ఆగి, మెల్లిగా జారడం మొదలుపెట్టింది.

పక్క కిటికీలోంచి నడుం దాకా బయటికి వంగి చూశాను. మామ చక్రం దగ్గర గొంతుక్కూర్చుని ఉన్నాడు. చెక్క టైరుకు వేలెడు దూరంలో ఉంది. టైరు వెనక్కి వస్తోంది. అది వస్తున్నంత మేరా ఆయన చెక్కను వెనక్కి జరుపుతున్నాడు, ఆ వేలెడు ఎడం తగ్గకుండా. ఆయన వెనక ఇక జరగడానికి చోటు లేదు.

"పెట్టెయ్యండి మామా!" అని నేను గావుకేక పెట్టాను. సిగ్గులేకుండా పెట్టాను.

ఆయన నా వైపు చూడలేదు. మెడనరాలు ఉబ్బాయి, చెయ్యి మాత్రం ముందుకు రాలేదు. ఇంజను ఒక్కసారి గట్టిగా గుంజుకుంది. బస్సు నిలిచింది. తర్వాత పైకి కదిలింది.

నా బతుకంతా లిఫ్టు బ్రేకులతోనే గడిచింది. పట్టుకోవడం తెలిసిన బ్రేకులే అన్నీ. ప్రాణం లాగేస్తున్నా పట్టుకోకుండా ఉండగలిగిన చెయ్యి నేను చూడటం అదే మొదలు.

ఆ వాలులో మళ్ళీ ఆపడం కుదరదు. ఆయన్ను అక్కడే వదిలేసి బస్సు చదును నేల దాకా వెళ్ళి ఆగింది. కాసేపటికి దుమ్ము కొట్టుకుపోయిన మనిషి భుజాన చెక్కతో నడిచి వచ్చాడు. అలవాటు కొద్దీ నిచ్చెన వైపు వెళ్తుంటే కూతురు పిలిచింది.

"అటు కాదు నాన్నా. లోపలికి రా."

"పాసైంది మామా, లోపల కూర్చో. ఇక పైనున్నవి చిన్న మలుపులే" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

ఆయన ఎక్కి, నాకూ పెద్దమ్మకూ మధ్య ఇరుక్కున్నాడు. చెక్క ఎక్కడ పెట్టాలో తోచక ఒళ్ళోనే పెట్టుకున్నాడు. బస్సు బయల్దేరింది. ఆయన వెనక కిటికీలోంచి వంగి కిందికి చూశాడు, కాళ్ళ కింద బస్సు నేల వైపు చూశాడు. మొహం పాలిపోయింది.

"ఇక్కణ్ణుంచి చక్రం కనపడదే! ఇన్నాళ్ళూ మీరంతా ఎలా కూర్చున్నారు?"

"వెనక నువ్వున్నావని" అంది పెద్దమ్మ.

తర్వాతి మలుపులో బస్సు ఆగి, బెత్తెడు జారింది. మామ చెక్కతో సహా లేచి నిలబడ్డాడు. పెద్దమ్మ ఆయన చొక్కా పట్టి లాగింది.

"కూర్చో. ముందు మీ అమ్మాయి ఉంది."

ఆయన కూర్చున్నాడు.