మా ఆయనా, ఆయన పొరా

మా ఆయన ఏం పని చేస్తారని ఎవరైనా అడిగితే కొత్తలో నేను "ఇంజనీరు" అని ఊరుకునేదాన్ని. అంతకు మించి చెప్పబోతే అవతలివాళ్ళకు ఆవులింతలు వచ్చేవి. హైడ్రోజన్‌తో కరెంటు పుట్టించే సెల్ ఒకటి ఉంటుంది, దాని మధ్యలో పలుచని ప్లాస్టిక్ పొర ఉంటుంది, ఆ పొర పాడవకుండా చూడడమే మా ఆయన ఉద్యోగం. "ఒక్క పొరను చూసుకోవడానికి మనిషిని పెట్టి జీతమిస్తారుటే?" అని మా పెద్దమ్మ బుగ్గలు నొక్కుకుంది. ఇచ్చారు మరి, పన్నెండేళ్ళు.

ఆ పొర ముందు పాల మీద మీగడ దుప్పటి కింద లెక్క. దానికి ఒక వైపు హైడ్రోజన్, ఇంకో వైపు గాలి. హైడ్రోజన్‌లోంచి ప్రోటాన్లను మాత్రమే పొర తనలోంచి పోనిస్తుంది. ఎలక్ట్రాన్లు బయటి తీగ పట్టుకుని చుట్టూ తిరిగి రావాలి. ఆ తిరుగుడే మనకు కరెంటు, చివరికి మిగిలేది నీళ్ళు. పొరకు సూదిమొనంత చిల్లు పడిందంటే రెండు వాయువులూ అక్కడే కలిసి మండి, చిల్లు పెద్దదై, సెల్ పనికిరాకుండా పోతుంది. ఇలాంటి సెల్స్‌ను వరసగా పేర్చి, రెండు చివరలా లోహపు పలకలు పెట్టి బోల్టులు బిగిస్తే దాన్ని స్టాక్ అంటారు. ఇవన్నీ నాకెలా తెలుసంటే, కాపురానికి వచ్చిన నాటి నుంచి కూరలు తరుగుతూ, బట్టలు మడతపెడుతూ వింటూనే ఉన్నాను. నేను లెక్కల టీచర్ని. వినే ఓపిక కూడా నా ఉద్యోగంలో భాగమే.

ఆ పని ఆయన ఒంటికి పట్టేసింది. మంచం నట్లు వదులైతే మనలా ఒక్కొక్కటీ గట్టిగా బిగించేసి లేచిపోరు. ఈ మూల కొంచెం, ఎదురు మూల కొంచెం, మళ్ళీ ఇటు. ఒకేచోట బలం పడితే అంచు నలుగుతుందట. "అది మంచమండీ, మీ స్టాక్ కాదు" అంటే నవ్వేసి, ఇంకో చుట్టు తిరిగేవారు. తడి బట్టలు తీగమీద లాగి ఆరేస్తే ఒప్పుకునేవారు కాదు. తడిసి ఉబ్బినదాన్ని బిగదీసి ఎండబెడితే చిరుగుతుందని నాకూ మా పిల్లకూ పాఠం చెప్పేవారు. పిల్ల ఆయన్ని వెక్కిరిస్తూ చేతిరుమాలును కూడా పసిబిడ్డలా ఎత్తుకుని ఆరేసేది.

ఆయనలో ఒక్కటే లోపం, మొహమాటం. "కుదరదు" అన్న మాట ఆ నోట రాదు. పక్కింటాయన ఇల్లు మారితే వాళ్ళ బీరువా మోసి నడుం పట్టేయించుకున్నారు. ఆఫీసులో పక్క సీటువాళ్ళ పని ఈయన నెత్తిన పడేది. నేను అరిస్తే, "పోన్లే, అడిగాడు కదా" అనేవారు. నాకు ఒళ్ళు మండేది. నోట్లో నాలుక లేని మనిషిని కట్టుకున్నందుకు ఇద్దరి మాటలూ నేనే మాట్లాడాల్సి వచ్చింది.

పొర ఎక్కువగా చచ్చేది రెండు చోట్ల. బిగించిన పలకల కింద అంచు నలిగే చోట, పొడి వాయువు లోపలికి వచ్చి తగిలే మొదటి చోట. మా ఆయన అంచుకు మెత్తని పెదవి ఉన్న సన్నని చట్రం గీశారు. వాయువు దారులను తిప్పి, బయటికి పోయే తేమలో కొంత లోపలికి వచ్చే వాయువుకే అందేలా చేశారు. గీయడం, కోయించడం, బిగించడం, చిల్లు పడడం, మళ్ళీ గీయడం. ఇంతలో ఆ రకం పొర తయారుచేసే కంపెనీ దాన్ని మానేసింది. మిగిలిన ఆఖరి చుట్టతో ఒక్కటంటే ఒక్క స్టాక్ అయింది.

ఆ స్టాక్‌ను ఓర్పు పరీక్షకు పెట్టారు. బస్సును తోలినట్టే లోడు, అంటే స్టాక్ నుంచి లాగే కరెంటు, పెంచుతూ తగ్గిస్తూ నెలల తరబడి నడపాలి. చివరిదాకా పొర నిలిస్తే కంపెనీ పెద్ద ఆర్డరిచ్చి ఆ పొర మళ్ళీ చేయించి, ఆ డిజైను బస్సుల్లో పెడుతుంది, ఆయన విభాగం బతుకుతుంది. లేకపోతే విభాగం మూసేస్తామని డైరెక్టరు ముందే చెప్పాడు. ఫ్యాక్టరీ వెనక రేకుల షెడ్డు, బయట ఇనప కంచెలో సిలిండర్లు, లోపల అద్దం వెనక ఆ స్టాక్. మా ఆయన కళ్ళల్లో వత్తులు వేసుకుని కూర్చున్నారు. ఆయనతో పరీక్ష చూసుకునే పొడుగాయన నాకు ఫోన్ చేసి, "చెల్లెమ్మా, ఈసారి గట్టెక్కేలా ఉన్నాం" అన్నాడు. సగం దాటింది, ముప్పాతిక దాటింది. ఆ రోజుల్లో మా ఆయన స్నానం చేస్తూ కూనిరాగాలు తీసేవారు. పెళ్ళయ్యాక ఆయన గొంతు అలా వినడం అదే మొదలు.

అప్పుడే కంపెనీకి పెద్ద అతిథులు వస్తున్నారని కబురు. సందడిగా ఉంటుందని ఉద్యోగుల ఇళ్ళవాళ్ళను కూడా రమ్మన్నారు. నేను ఇస్త్రీ చీర కట్టుకుని, పిల్లను తీసుకుని వెళ్ళాను. షెడ్డు గోడమీద పెద్ద తెర పెట్టారు, దాని మీద స్టాక్ ఓల్టేజీ ఎర్రటి అంకెల్లో వెలుగుతోంది. డైరెక్టరు మైకులో, "ఇంత ఓల్టేజీ మన షెడ్డులో ఇంతకు ముందెప్పుడూ రాలేదు" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు, నేనూ కొట్టాను. నా మొగుడి గొప్ప నేను కాకపోతే ఎవరు చాటాలి? ఆయన వైపు తిరిగి చూస్తే మనిషి ముఖంలో నెత్తురు చుక్క లేదు. ఎండలో నిలబడ్డారేమో అనుకున్నాను.

సంగతేంటో తర్వాత పొడుగాయన చెబితే తెలిసింది. సెల్ పని చేసేకొద్దీ ఓల్టేజీ తగ్గుతుంది. ఏ పనీ చేయకుండా, లోడు పీకేసి, వాయువులు మాత్రం వదిలి ఉంచితే అంకె అన్నిటికన్నా ఎక్కువ చూపిస్తుంది. పొరకు అంతకన్నా చెడ్డ స్థితి లేదు. ఖర్చవని వాయువులు మెల్లగా పొరలోంచి ఒకదాని వైపు ఒకటి పాకుతాయి. అక్కడ పుట్టే ఘాటైన రసాయనాలు పొరను లోపల్నుంచి తినేస్తాయి. పొర త్వరగా చావాలని కావాలని చేసే పరీక్ష కూడా అదేనట. అంటే మేమందరం చప్పట్లు కొట్టింది దానికి.

ముందు రోజు డైరెక్టరు అడిగాడట.

"లోడు తీసెయ్. అంకె బాగా కనిపించాలి."

"కొంచెం లోడు ఉంచుదామండీ. పొరకి..."

"ఉంచితే అంకె తగ్గిపోదూ? ఒక పూటే కదయ్యా."

మా ఆయన తల ఊపారు.

అతిథులు ఒక పూటలో పోలేదు. వాళ్ళ పైవాళ్ళు మర్నాడు వచ్చారు, వాళ్ళ స్నేహితులు ఆ పై రోజు. మధ్యలో ఆపితే మళ్ళీ సరిగ్గా మొదలవకపోతే పరువు పోతుందని డైరెక్టరు ఆపనివ్వలేదు. ఆ వారమంతా మా ఆయన కాలు కాలిన పిల్లిలా స్టాక్ చుట్టూ తిరిగారు. తేమ పెంచారు, వేడి తగ్గించారు. చేతిలో ఉన్నవన్నీ చేశారు, "కుదరదు" అనడం ఒక్కటి తప్ప.

పరీక్ష మళ్ళీ మొదలైన కొన్నాళ్ళకే హైడ్రోజన్ అవతలి వైపు కనబడింది. స్టాక్ విప్పారు. అంచు చెక్కుచెదరలేదు, వాయువు వచ్చే చోటూ బాగానే ఉంది. ఆయన కాపాడిన చోట్లన్నీ నిలిచాయి. పొర నడిమధ్యన, ఎక్కడా ఏ చట్రమూ ఆనని చోట, మొత్తంగా పలచబడిపోయి చిల్లులు పడింది.

మీటింగులో డైరెక్టరు అందరి ముందూ అడిగాడు, "అయితే డిజైను తట్టుకోలేదన్నమాట?"

పొడుగాయన మా ఆయన మోకాలు గిల్లాడట, చెప్పమని. ఆయన ఎదురుగా ఉన్న గ్లాసు వైపు చూస్తూ, "తట్టుకోలేదండి" అన్నారట.

ఆ మాట విన్న రోజు నేను ఇల్లు ఎగిరిపోయేలా అరిచాను.

"పన్నెండేళ్ళండీ! ఒక్క ముక్క చెప్పలేకపోయారా? వాడి సోకు కోసం పోయిందని చెప్పలేకపోయారా?"

"చెప్తే చిల్లు పూడుతుందా?"

"మీ పేరు నిలబడేది!"

"తల ఊపింది నేనే కదే" అన్నారు. అని, ప్లేటు తీసుకెళ్ళి కడుక్కున్నారు. నాకు ఆయన మీద జాలి వేయలేదు. చాలా రోజులు కోపమే ఉంది. పైగా నేను అంత అరిచినా ఆయన ఒక్కసారీ గొంతు పెంచలేదు, అదింకా కోపం తెప్పించింది.

విభాగం మూసేశారు. చట్రం కోసిన అచ్చులు పాత ఇనుముతో పాటు పోయాయి. పొడుగాయన సిలిండర్లు నింపే చోట చేరాడు. మా ఆయన ఇప్పుడు ఫ్రిజ్ తలుపుల రబ్బరు పట్టీలు చేసే కంపెనీలో ఉన్నారు. ఎన్నిసార్లు తెరిచి మూస్తే పట్టీ వదులవుతుందో చూస్తారు. కూరలు తరుగుతున్నప్పుడు నా పక్కన నిలబడి ఏమీ చెప్పరు. నేనే అడిగి అడిగి విసిగిపోయాను. కూనిరాగం మాటే లేదు.

మొన్న నేను పరీక్ష పేపర్లు దిద్దుతుంటే ఆయనకు ఫోన్ వచ్చింది. వేరే కంపెనీలో ఇంజనీరమ్మాయి, ఎవరి దగ్గరో నంబరు సంపాదించిందట. మెత్తని అంచు చట్రం, తేమ తిప్పే దారులు, ఇదే ఆలోచన తనకూ వచ్చింది. ఇంతకు ముందు మీరు చేశారని విన్నాను, పనిచేస్తుందా సార్ అని అడుగుతోంది. పక్కనే ఉన్న నాకు ఆ పిల్ల గొంతులో ఉత్సాహం వినబడుతోంది. నా చేతిలో ఎర్ర పెన్ను ఆగిపోయింది.

"లేదమ్మా" అన్నారు మా ఆయన. "అది తట్టుకోదు. మేం చేసి చూశాం."

అవతల ఆ అమ్మాయి ఏదో అంది. ఈయన "పర్లేదమ్మా" అని పెట్టేశారు.

"ఏమందండీ?"

"థాంక్స్ అంది. మీరు చెప్పకపోతే దాని మీద ఏళ్ళు తగలేసేదాన్ని, కాపాడారు సార్ అంది."

పెన్ను పక్కన పడేశాను. "ఫోనిలా ఇవ్వండి, నేను చెప్తాను" అని లేచాను.

ఆయన ఫోన్ ఇవ్వడానికే చేయి చాపారు. ఎప్పటిలాగే, అడిగాను కాబట్టి. "ఏం చెప్తావు? తట్టుకునేదని చెప్తావా? నీకు తెలుసా?" అన్నారు. ఎగతాళిగా కాదు, నిజంగానే అడిగారు. నాకు తెలిస్తే తనకూ చెప్పమన్నట్టు నా ముఖంలోకి చూశారు.

నాకు తెలియదు. ఆ పరీక్ష చివరిదాకా నడవలేదు, ఆ పొర ఇంకెక్కడా దొరకదు. ఫోన్ ఆయన చేతిలోనే ఉంచేసి, వెళ్ళి పేపర్ల ముందు కూర్చున్నాను.