మార్కెట్ ధర

డెబ్బైలలో మేం మద్రాసు పెరంబూరులో ఉండేవాళ్ళం. మా మామగారిచ్చిన పాత రాగి నాణెం ఎంత చేస్తుందో తెలుసుకుందామని అక్కడే ప్యారీస్ కార్నర్‌లో పాత నాణేలమ్మే శెట్టిగారి అంగడికి వెళ్ళాను.

"ఇట్లాంటిది ఈడ ఎవురూ అమ్మిందిలేదమ్మా. ధర ఎట్ల చెప్పేది? మీరే చెప్పండి," అన్నాడాయన.

ఎన్నిసార్లడిగినా అదే మాట. విసుగెత్తి, నోటికొచ్చినట్టు "ఐదువందలు" అనేసి వచ్చేశాను.

కొన్నాళ్ళకు తంగశాల వీధిలో ఇంకో అంగడాయనకు చూపించాను. ఆయన భూతద్దంతో తిప్పి తిప్పి చూసి, "ఐదువందలమ్మా. మార్కెట్ ధర," అన్నాడు.

నా ప్రాణం లేచొచ్చింది. "ఎవరు చెప్పారండీ?"

"ప్యారీస్ శెట్టిగారి అంగట్లో మొన్న ఎవురో ఒకామె చెప్పిందంట."

ఒళ్ళు మండిపోయింది. "సరే, ఆ ధరకే తీసుకోండి," అన్నాను.

"ధర తెలుసు గానమ్మా, కొనేవాళ్ళెవురో తెలీదే."

ఇప్పటికీ ఎవరైనా 'మార్కెట్ ధర' అంటే చాలు, ఆ మాట మొదట అన్న మహాతల్లి ఎవరో కనుక్కోమంటాను.