పాస్ కోర్సులో సీటు

ఆ రోజుల్లో, అంటే తొంభైలలో, టెన్త్ గట్టెక్కిన మా కాకినాడ పిన్ని పిల్లలకు ఒకటే ప్రశ్న: ఎంపీసీయా, బైపీసీయా? రెండూ కుదరకపోతే సీఈసీ. ఢిల్లీలో, ఆర్.కె. పురం క్వార్టర్స్‌లో పెరిగిన నాకు ఆ సుఖం లేదు. పదకొండో తరగతిలో ఐదు సబ్జెక్టులు మనమే ఏరుకోవాలి. నేను ఇంగ్లీషు, హిస్టరీ, ఎకనామిక్స్, పొలిటికల్ సైన్స్ తీసుకుని, ఐదోదిగా (పక్క బెంచీ అమ్మాయి తీసుకుందని) పెయింటింగ్ పెట్టుకున్నాను. అమ్మమ్మ ఫోన్లో, "డాక్టరు చదువా, ఇంజనీరు చదువా?" అంది. రెండూ కాదన్నాను. "ఒంట్లో బాగానే ఉంటోందా?" అని అడిగింది.

పన్నెండో తరగతి ఫలితాలు వచ్చేసరికి యూనివర్సిటీ నియమాల మీద మా క్వార్టర్స్ మొత్తానికీ నేనే పెద్ద దిక్కు. ఐదింటిలో ఎక్కువ మార్కులొచ్చిన నాలుగే లెక్కలోకి వస్తాయని, దొరికిన వాళ్ళనల్లా మెట్లమీద కూర్చోబెట్టి పాఠం చెప్పేదాన్ని. నా మార్కుల్లో అన్నిటికన్నా మెరిసింది పెయింటింగే. ఆ లెక్కన హిస్టరీ ఆనర్స్ మొదటి లిస్టులోనే ఖాయం. తీరా కాలేజీకి వెళ్తే, కౌంటర్లో ఉన్న మేడమ్ నా మార్కుల షీటు చూసి, "పెయింటింగ్ నహీ గినేంగే, బేటా" అంది, ఎంతో ప్రేమగా. పెయింటింగ్ లెక్కలోకి రాదట. అది తీసేస్తే నేను ఆనర్స్ కటాఫ్ గీతకు కిందికి జారిపోయాను. ఏదో ఒకటి దక్కితే చాలని ఇంటికి దగ్గర్లో మరో కాలేజీలో బి.ఏ. పాస్ కోర్సులో చేరి, ఏడుపు మొహంతో ఇంటికొచ్చాను.

అమ్మ మాత్రం ఆ పేరు వినగానే వెలిగిపోయింది. "పాస్ కోర్సా? అయితే పాసైనట్టే కదుటే." వివరించే ఓపిక లేక వెళ్ళి పడుకున్నాను. సాయంత్రానికల్లా రవ్వలడ్డూలు చుట్టి పై అంతస్తు పంజాబీ ఆంటీ దాకా పంచిపెట్టింది. (ఆవిడ "బధాయీ హో" అని రెండు తీసుకుంది.)

కొన్నాళ్ళకు ఆ ఆనర్స్ మూడో లిస్టు వచ్చింది. గీత దిగింది, నా మార్కులు సరిపోయాయి. కానీ మర్నాడు మధ్యాహ్నంలోగా చేరిన కాలేజీలో పేరు తీయించుకుని, సర్టిఫికెట్లు కొత్త కాలేజీలో ఇవ్వాలి. పేరు తీయించడానికి పెద్దవాళ్ళ సంతకం కావాలి. నాన్న ఆఫీసు పనిమీద భోపాల్‌లో ఉన్నారు. మిగిలింది అమ్మ.

"పాసయ్యే చదువు చేతికిస్తే కాదంటావేవిటే?" అంది బస్సులో.

"అమ్మా, పాస్ కోర్సంటే అన్నీ కొంచెం కొంచెం చదవడం. ఆనర్సంటే ఒకే సబ్జెక్టు లోతుగా చదవడం. ఫెయిలవడం రెండింట్లోనూ ఉంది."

అమ్మ కిటికీ వైపు తిరిగింది. "నాకు టెన్తులో లెక్కలు పోయాయి. మళ్ళీ రాయమని ఎవరూ అన్లేదు. పెళ్ళి చేసేశారు," అంది. ఆ సంగతి నాకు అంతవరకూ తెలీదు.

కౌంటర్ దగ్గర పెన్ను చేతిలోకి తీసుకున్నాక కూడా గుమస్తాను అడిగింది: "భయ్యా, ఆనర్స్ మే ఫెయిల్ హోతా క్యా?"

అతను తలెత్తకుండానే, "ఆంటీజీ, పఢేగీ తో పాస్ హోగీ" అన్నాడు, చదివితే పాసవుతుందని.

అమ్మ నావైపు తిరిగి, "చదువుతావా?" అంది. ఇంట్లో ఎన్నడూ వినని గొంతు అది. చదువుతానన్నాను. తెలుగులో, గుండ్రంగా సంతకం పెట్టింది.

కొత్త కాలేజీలో కౌంటర్ మూసే వేళకు సీటు నాదైంది. తిరుగు బస్సులో అమ్మ అలసిపోయి నా భుజం మీద తలవాల్చి నిద్రపోయింది. ఆవిడకు ఏం చదువుకోవాలని ఉండేదో అడగాలని నాకు తట్టనే లేదు. ఆ తలకున్న కొబ్బరినూనె నా తెల్ల కుర్తాకు అంటుకుంటుందేమోనని బిగుసుకుపోయి కూర్చున్న ఆ హిస్టరీ ఆనర్స్ పిల్లను తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. మరక నిజంగానే పడింది. అంత గట్టిగా ఉతక్కుండా ఉండాల్సింది.