సున్నం కొట్టిన గుండు

ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన కొత్తలో నేను ప్రొద్దుటూరులో ఫోటో స్టూడియో పెట్టుకున్నాను. పెండ్లయిన జంటలు, కొత్త నగ చేయించుకున్న ఆడవాళ్లు, ఉద్యోగం దొరికిన కుర్రాళ్లు వచ్చి పూలతోట బొమ్మ వేసిన తెర ముందు బిగుసుకుపోయి నిలబడేవాళ్లు. వాళ్లను తీయడం నా బతుకుదెరువు. ఆదివారం వస్తే మాత్రం కెమెరా పెట్టె భుజాన వేసుకొని జమ్మలమడుగు బస్సెక్కేవాణ్ణి. అక్కడి నుంచి గండికోటకు ఏదైనా బండి దొరికితే బండి, లేకపోతే నడక. పెన్న కోసుకుంటూ పోయిన ఆ బండల అంచున కూర్చొని పొద్దు వాలేదాకా కాచుకునేవాణ్ణి. పొద్దు వాలుతుంటే పగుళ్లలోకి నీడ దిగుతుంది. అంతదాకా ఒక్క ఎరుపుగా కనబడిన రాయి నలుపు తెలుపు ఫోటోలో ఎన్ని రకాల బూడిద రంగులుగా విడిపోతుందో చెప్పలేను. నాకు అదొక పిచ్చి.

ఆ పిచ్చి మా ఊళ్లో నా ఒక్కడికే ఉండేది. బండల ఫోటోలు స్టూడియో ముందు అద్దాల పెట్టెలో పెడితే జనం వంగి వంగి చూసి, "దీంట్లో మనిషి యాడుండాడప్పా?" అని అడిగేవాళ్లు. మనిషి లేడంటే నేనేదో తూకంలో మోసం చేసినట్టు చూసేవాళ్లు. ఒక పెద్దాయనైతే కొండ మీద ఎవరో దాక్కొని ఉంటారన్న నమ్మకంతో భూతద్దం తెప్పించుకున్నాడు. మా ఆవిడకు ఇంత ఓపిక కూడా లేదు.

"కట్టుకున్నదాన్ని కూర్చోబెట్టి ఒక్క ఫోటో తీసింది ల్యాదు గానీ, బండలకు మాత్రం వారం వారం కొత్త ఫోటోనా? నన్ను గూడా ఆ గండికోటలోనే పుట్టించింటే బాగుండు" అనేది.

నవ్వేసేవాణ్ణి గానీ లోపల మండేది. రాయిని రాయి కోసం చూసే మనిషి ఈ జిల్లాలో ఒక్కరైనా లేరా అని ఉక్రోషం వచ్చేది. నేను తీసింది ఒకరికి కావాలని, ఒకరు అడిగి తీసుకుపోవాలని నాకు చాలా ఆశగా ఉండేది.

ఆంధ్రప్రదేశ్ అయిన తర్వాత ఒక ఎండాకాలం, సింహాద్రిపురం దగ్గరి పల్లె నుంచి ఒక రైతు స్టూడియోకు వచ్చాడు. కొన్నేళ్ల ముందు అతని పెండ్లి ఫోటో నేనే తీశాను కాబట్టి మనిషిని గుర్తుపట్టాను. వచ్చిన పని మాత్రం విన్నా నమ్మలేకపోయాను.

"మా చేన్లో ఒక గుండు ఉండాదప్పా. దాని ఫోటో కావల్ల" అన్నాడు.

గుండు అంటే మా వైపు ఒంటిగా నిలబడ్డ పెద్ద రాయి. అలవాటు కొద్దీ, పక్కన ఎవరెవరు నిలబడతారని అడిగాను.

"ఎవరూ ల్యా. గుండొక్కటే. మాయమ్మ అడుగుతాంది."

సంగతేమిటంటే, చేనుకు బావి తవ్వాలి. అరచేతిలో టెంకాయ పెట్టుకొని నీటి జాడ చెప్పే మనిషి చేనంతా తిరిగి, సరిగ్గా ఆ గుండు దగ్గర ఆగాడు. నీళ్లు దాని కిందే ఉన్నాయన్నాడు. ఇంక తూటాలు పెట్టి గుండును పగలగొట్టాల్సిందే. ఆ ఇంట్లో పిల్లలందరినీ వాళ్లమ్మ ఆ గుండు నీడలో పండేసే చేను పని చేసుకుంది. నీళ్లు కావాలి కాబట్టి ఆమె సరేనంది. కాకపోతే ఒక్క మాట అడిగింది.

"పగలగొట్టేముందర దాని ఫోటో నా చేతికియ్యండి, అది అట్ల ఊరికే పోగూడదు అంటాంది" అన్నాడు రైతు.

నేను ఆ వారమంతా నేల మీద నడిచిన గుర్తు లేదు. లెన్సు తుడిచిందే తుడిచాను. మా ఆవిడకు చెప్పిందే చెప్పాను. "యాడుందో గానీ నీకు సరైన జోడీ దొరికింది పో" అని ఆమె నన్ను బస్సెక్కించింది. తూటాలు పెట్టేవాళ్లు వచ్చే ముందురోజు సాయంత్రం ఎండలో తీయాలని నా లెక్క. వాలు ఎండ పక్క నుంచి పడితేనే రాయికి ప్రాణం వస్తుంది.

పులివెందులలో బస్సు మారి సింహాద్రిపురంలో దిగేసరికి రైతు ఎద్దుల బండితో కాచుకొని ఉన్నాడు. పల్లె దాటి చేల దారి పట్టాం. దూరంగా బీడు మధ్యలో తెల్లగా ఏదో మెరుస్తూ కనబడింది.

"ఆ దర్గా ఎవరిదన్నా?" అని అడిగాను.

"దర్గా యాడిది? అది మన గుండే గదప్పా" అన్నాడు రైతు, ముఖం విప్పార్చుకొని.

బండి దిగి దగ్గరికి పోయి చూశాను. గుండుకు నెత్తి నుంచి పాదం దాకా సున్నం కొట్టారు. పండక్కి ఇంటి గోడకు పెట్టినట్టు కింద ఎర్రమన్ను పట్టీ కూడా తీర్చారు. ఇంకా పూర్తిగా ఆరలేదు. ఎండ దాని మీద పడి కళ్లు పొడుస్తోంది తప్ప ఒక్క పగులు కనబడటం లేదు, ఒక్క మరక కనబడటం లేదు. నిచ్చెన పక్కనే ఉంది. రైతు మోచేతుల దాకా సున్నం చుక్కలు అప్పుడు చూశాను.

"నా పెండ్లప్పుడు మీరే గదప్పా నా మొగానికి అంత పౌడరు పూసింది? నల్లగుంటే ఫోటోలో పడదంటిరి. ఇది నాకంటే నలుపాయె. అందుకే మధ్యాన్నం అందరం పడి కొట్టేసినాం" అన్నాడు.

మామూలుగా నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఆ రోజు అక్కడ కూడా ఆగలేదు. రాయికి పౌడరేమిటయ్యా, నీకు బుద్ధుందా అని నోటికొచ్చిందల్లా అనేశాను. అతని ముఖం చిన్నబోయింది. రేపు పొద్దున్నకు ఆ గుండు ఉండదు. అడక్క అడక్క ఒకరు రాయి ఫోటో అడిగితే, నేను తీసుకుపోవాల్సింది సున్నపు గోడ. ఏడుపొచ్చినంత పనైంది.

అప్పటిదాకా కోడలితో గట్టు మీద కూర్చొని ఉన్న రైతు తల్లి లేచి వచ్చింది. సన్నటి మనిషి, గొంతు మాత్రం పెద్దది.

"నేను జెప్తే ఇన్యారా వీళ్లు? పెండ్లికూతురి మాదిరి చేసి పెట్నారు. ఇది నా గుండేనా? కడిగితే పోతాదా నాయనా?" అని నన్నడిగింది.

"పోతుందేమో అవ్వా. కడవా రెండు కడవలతో అయ్యే పని కాదు" అన్నాను.

బండి మీద పీపా ఉంది. దూరపు బావి నుంచి పశువులకని తోలుకొచ్చిన నీళ్లు. ఆమె దాని వైపు చూసి, "పొయ్యండి" అంది.

"అమ్మా, గొడ్లకు..." అని కొడుకు నసిగాడు.

"గొడ్లకు రేపు తెచ్చుకుందురు. దీనికి రేపు యాడుంది?"

కొడుకు నిచ్చెనెక్కాడు. కోడలు చీపురు పట్టింది. నేను పంచె ఎగ్గట్టి టెంకాయ పీచుతో రుద్దాను. పాలలాంటి నీళ్లు గుండు మీద నుంచి జారి చేనులోకి ఇంకిపోయాయి. పొద్దు దిగిపోతోంది. నా కన్ను ఒకటి రాయి మీద, ఒకటి ఆకాశం మీద. చివరికి చేతులు తుడుచుకొని స్టాండు నిలబెట్టి, నల్లగుడ్డలో తల దూర్చాను.

కెమెరా వెనక అద్దంలో గుండు తలకిందులుగా కనబడింది. చాలాసేపు గుడ్డలోంచి తల బయటికి తీయలేకపోయాను. పైపైన సున్నం పోయింది గానీ పగుళ్లలోది పోలేదు. తడిసిన నల్లటి రాయి మీద సన్నటి తెల్ల గీతలు, తడి వాకిట్లో ముగ్గు వేసినట్టు, పై నుంచి కిందిదాకా దిగాయి. గండికోటలో ఇన్నేళ్లు నేను నల్ల నీడలుగా పట్టుకున్న పగుళ్లు ఇక్కడ తెల్లగా కనబడుతున్నాయి. అంతలోనే ఎండకు రాయి ఆరిపోతోంది. ఆరితే నలుపు వెలిసిపోతుంది. నేను కేక వేస్తే రైతు పైనుంచి మిగిలిన నీళ్లన్నీ ఒంపి, దిగి పక్కకు పరుగెత్తాడు. అప్పుడు నొక్కాను.

బయలుదేరే ముందు అతని దగ్గరికి పోయి, "నీ సున్నం మంచిదే అన్నా" అన్నాను. అతనికి అర్థం కాలేదు గానీ సంతోషపడ్డాడు.

నెగటివ్ కడిగి, నా దగ్గరున్న అన్నిటికంటే పెద్ద కాగితం మీద ప్రింటు వేశాను. నేను తీసిన వాటిలో అంత మంచిది అంతకుముందు లేదు, ఆ తర్వాతా లేదు. అద్దం కట్టించి, పాత దుప్పట్లో చుట్టి, ఒళ్లో పెట్టుకొని పల్లెకు తీసుకుపోయాను. అప్పటికి గుండు లేదు. ఆ చోట బావి ఉంది, దాంట్లో నీళ్లు పడ్డాయి. గుండు ముక్కలు బావి గట్టుకు పేర్చారు.

వసారాలో రైతు మేకు కొట్టి సిద్ధంగా ఉంచాడు. ఫోటో తగిలించబోతుంటే తల్లి అడ్డం పడింది.

"గుండు గోడెక్కుతాదా యాడన్నా? కింద పెట్టు."

కింద, గోడకు ఆనించి పెట్టాం. ఆమె ఎదురుగా కూర్చుంది. బాగుందంటుందా, బాగాలేదంటుందా అని పరీక్ష రాసిన పిల్లాడిలా నిలబడ్డాను. ఆమె కాసేపు అటూ ఇటూ తల వంచి, ఫోటోలో ఎండ ఏ వైపు నుంచి పడుతోందో చూసుకుంది. తర్వాత కోడలి చంకలోని మనవరాలిని అందుకొని, పాత చీర మడత పరిచి, ఫోటోలో గుండు నీడ పడిన వైపున పడుకోబెట్టింది.

"ఈ పక్క ఎండ రాదులే" అంది.