రోజుకు నాలుగు నిమిషాల తొందర

ఆ కాలేజీ మేడ మీది గుండ్రటి గదికి ఊడ్చేవాడూ, తాళం వేసేవాడూ, టెలిస్కోపు తిప్పేవాడూ, లెక్కలు కట్టేవాడూ ఒక్కడే. అందరూ చుక్కలాయన అంటారు. ఆ కాలేజీలోనే చదువు సగంలో వదిలేసి, దాని నెత్తి మీదే ఉద్యోగానికి ఎక్కాడు. అందుకని అక్కడ చదివినవాళ్ళలో తనకంటే పైకెళ్ళినవాడు ఇంతవరకూ లేడంటాడు. మెట్లెక్కి ఆయాసపడుతూ వచ్చినవాళ్ళకి ఇంకా చాలా చెబుతాడు. ఓ వానాకాలం తువ్వాలు ఎంతకీ ఆరకపోతే శనిగ్రహం వలయం మీద ఆరేశాడట. మర్నాడు తీసుకుందామని చూస్తే శని ఇల్లు మారిపోయిందట, తువ్వాలుతో సహా.

ఈ మధ్య ఆ కోతలు కొయ్యడానికీ ఓపిక ఉండటం లేదు. మోకాళ్ళు మెట్టు మెట్టుకీ హాజరు పలుకుతున్నాయి. భార్య ఆసుపత్రి లాండ్రీలో పని చేస్తుంది. తెల్లారకుండానే వెళ్ళి, దుప్పట్లు పిండిన చేతులు వేలాడేసుకుని సాయంత్రం ఇల్లు చేరుతుంది. ఆయన అప్పుడే చెప్పులేసుకుంటూ ఉంటాడు. వాళ్ళ కాపురమంతా గడప దగ్గరే. "కూర మూత పెట్టాను", "సరే, వస్తా". ఇరవై ఏళ్ళుగా ఈ రెండు ముక్కలే.

ఆమె తమ్ముడికి వీధి చివర గడియారాల కొట్టు ఉంది. పగటిపూట బల్ల దగ్గర కూచునే మనిషి కావాలన్నాడు. "బావ కబుర్లకి ఆగిపోయిన గడియారాలు కూడా అమ్ముడుపోతాయక్కా" అన్నాడు.

ఆమె అదే మాట గడప దగ్గర భర్తతో అంది. ఇంకో మాట కూడా కలిపింది.

"పెళ్ళైన కొత్తలో పట్టపగలు చుక్క చూపిస్తానన్నారు. చుక్కలైతే చాలానే చూశాను, మీ టెలిస్కోపులో మాత్రం కాదు. నా సెలవు రోజున వస్తాను, చూపించండి. చూశాక కూడా ఇదేం పనిలే అని నాకనిపిస్తే, ఒకటో తారీకు నుంచి తమ్ముడి కొట్లో కూచోండి. ఒక్క పూటైనా కలిసి తిందాం."

ఆయన సరేనన్నాడు. ఆమె అడిగింది అన్యాయం కాదు.

సెలవు రోజు మధ్యాహ్నం అక్కాతమ్ముళ్ళిద్దరూ మెట్లెక్కి వచ్చారు. ఆమె ఉన్న ఒక్క చెక్క కుర్చీలో కూలబడింది. ఆయన కప్పు తలుపు లాగి తెరిచాడు. వారం రోజులు వదలని ముసురు ఆ పొద్దున్నే విడిచింది; ఆకాశం తెల్లగా, ఉతికి ఆరేసినట్టు ఉంది.

"ఇందులో ఎక్కడ వెతుకుతారు?" అందామె.

"వెతకడం దొంగల పని. మనం అడ్రసు పట్టుకుని వెళ్తాం" అన్నాడాయన. చెబుతుంటే గొంతులోకి కాస్త పాత జోరు వచ్చింది. "ప్రతి చుక్కకీ రెండు అంకెలుంటాయి. ఉత్తరానికో దక్షిణానికో ఎంత దూరమో ఒకటి, తూర్పుగా ఎంత దూరమో ఇంకొకటి. ఈ రెండోదాన్ని గంటల్లో చెబుతారు. చుక్కలు సొంతిళ్ళవాళ్ళు, అడ్రసు మారదు. గ్రహాలు అద్దెకున్నవాళ్ళు. పగలు కనిపించే మన చుక్క శుక్రుడూ గ్రహమే, ఇవాళ ఎక్కడున్నాడో ఈ పట్టికలో చూసుకోవాలి."

"అడ్రసు ఉంటే వెళ్ళి తలుపు కొట్టడమేగా బావా" అన్నాడు బావమరిది.

"ఊరు మొత్తం తిరుగుతూ ఉంటుంది కదరా. ఎంత తిరిగిందో చెప్పేది ఆ గోడ గడియారం. దాని టైములోంచి పట్టికలో గంటలు తీసేస్తే, శుక్రుడు నడినెత్తి గీతకి ఎంత ఇటున్నాడో, ఎంత అటున్నాడో తేలుతుంది."

గడియారం చూశాడు, తీసివేత చేశాడు, టెలిస్కోపుకున్న రెండు చక్రాలూ ఆ అంకెల మీదికి తిప్పాడు. కన్ను పెట్టాడు. ఖాళీ. ఆకాశం ఆకాశంలాగే ఉంది.

మళ్ళీ లెక్క కట్టాడు. అదే జవాబు. మళ్ళీ ఖాళీ. చేత్తో అటూ ఇటూ ఊపి చూద్దామంటే పడమర పక్కన సూర్యుడున్నాడు. పొరపాటున కంటికి తగిలితే ఇక జీవితంలో ఏ లెక్కా అక్కర్లేదు. నుదుటి చెమట తుడుచుకున్నాడు. కొట్లో బల్ల, దాని వెనక తను, ఎదురుగా ఆగిపోయిన గడియారాలు కళ్ళముందు కనిపించాయి. అది మాత్రం ఏ టెలిస్కోపూ లేకుండానే కనిపించింది.

వెనక్కి తిరిగితే భార్య కుర్చీలోనే తల వాల్చి నిద్రపోతోంది. నోరు కొంచెం తెరుచుకుంది. రోజూ నీళ్ళలో నానే వేళ్ళ చివర్లు సెలవు రోజున కూడా ముడతలుగానే ఉన్నాయి.

"పడుకోనీ. ఈలోగా ఇది తీసుకో బావా" అంటూ బావమరిది జేబులోంచి చేతిగడియారం తీసిచ్చాడు. నెల నుంచి కొట్లో రిపేరులో ఉన్నది. "కొత్త స్ప్రింగు వేశాను. సెకను తేడా రాదు."

చేతికి పెట్టుకుంటూ ఆయన గోడవైపు చూశాడు. మళ్ళీ చేతివైపు చూశాడు. రెండూ ఒకే టైము చూపిస్తున్నాయి. నిమిషానికి నిమిషం.

"ఈ గోడ గడియారాన్ని ఎవరు ముట్టుకున్నారు?" అని మెల్లగా అడిగాడు.

బావమరిది ముఖం వెలిగింది. "నేనే. పోయినవారం వచ్చినప్పుడు నువ్వు కింద టీ తాగడానికి వెళ్ళావు. చూస్తే అరగంట ముందుంది. మా బావ గడియారం తప్పుగా నడుస్తుంటే, గడియారాల వాణ్ణి, నాకు సిగ్గుగా ఉండదూ? వెనక్కి తిప్పి, లోలకం కింద మర కూడా సరిచేశాను. నువ్వు పొగుడుతావేమోనని చెప్పలేదు."

చుక్కలాయనకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. రెంటికీ ఓపిక లేక స్టూలు మీద కూచున్నాడు.

"అది చుక్కల గడియారంరా. రోజుకు నాలుగు నిమిషాలు తొందరగా నడవాలి. చుక్కలు రోజూ అంత ముందే వచ్చేస్తాయి మరి. ఏడాదికోసారి మన గడియారంతో కలుస్తుంది, మళ్ళీ విడిపోతుంది. క్రితం నెలాఖర్లో కలిసింది. ఇవాళ్టికి సుమారు గంట ముందుండాలి."

"కావాలని తప్పు నడిపిస్తారా?"

"అదే దాని ఒప్పు."

చేతిగడియారం టైముకి, రెండూ కలిసిన రోజు నుంచి రోజుకు నాలుగేసి నిమిషాలు కూడాడు. పట్టికలో గంటలు తీసేశాడు. సూర్యుడి దాకా పోకుండా చక్రాన్ని జాగ్రత్తగా పడమటికి తిప్పాడు. కన్ను పెట్టాడు. ఉంది. గోరు కత్తిరిస్తే పడిన ముక్కంత, తెల్లగా, ఎండలో ఒంటరిగా.

లేపబోయి ఆగాడు. ఆమె ఊపిరి బరువుగా నడుస్తోంది. కానీ ఆ టెలిస్కోపుకి మోటారు లేదు. వదిలేస్తే శుక్రుడు జారిపోతాడు. అందుకని కన్ను అక్కడే పెట్టి, గొట్టాన్ని వేలితో ఇంత ఇంత తోస్తూ నిలబడ్డాడు. మోకాళ్ళు తిట్టాయి. బావమరిది పక్కకొచ్చి, "చెయ్యి తియ్యి బావా, సన్నపని నాకు అలవాటే" అని తను తోయడం మొదలుపెట్టాడు. ఇద్దరూ వంతులేసుకున్నారు, ఉయ్యాల ఊపినట్టు.

ఎండ గోడ మీదికి మళ్ళాక ఆమె కళ్ళు తెరిచింది. లేచి వచ్చి కన్ను పెట్టింది. చాలాసేపు తియ్యలేదు.

"ఇంతసేపూ ఇక్కడే ఉందా?"

"పట్టుకునే ఉన్నాం" అన్నాడాయన.

"పగలే కనిపించేదానికి రాత్రంతా కాపలా ఎందుకో" అందామె, కన్ను తియ్యకుండానే. తర్వాత తమ్ముడివైపు తిరిగి అంది, "ఒరే, కొట్లోకి ఇంకెవర్నన్నా చూసుకో."

"నేనే చెబుదామనుకున్నానక్కా. తొందరగా నడిచే గడియారమే కరెక్టు అనే మనిషిని బల్ల దగ్గర కూచోబెడితే వారంలో కొట్టు మూసుకోవాలి."

ఆమె మళ్ళీ కుర్చీలో కూచుని నడుం పట్టుకుంది. "సెలవు రోజున క్యారేజీ పట్టుకుని ఇక్కడికే వస్తాను. ఈ కుర్చీకి ఓ దిండు వేయించండి."

బావమరిది గోడ గడియారం తలుపు తెరిచి లోలకం కింద మర వెనక్కి తిప్పసాగాడు. మంచి గడియారాన్ని చేతులారా తొందర నడిపించడం ఇదే మొదలని గొణుగుతున్నాడు. చుక్కలాయన కప్పు తలుపు మూయడానికి స్టూలు మీంచి లేవబోయి, లేవలేక, ఇంకాసేపు అలాగే ఉండనిచ్చాడు.