ఎవురికి చెప్పాల?

పుదుచ్చేరి ఉప్పళంలో మాకు జపనీస్ నేర్పిన అక్క, ఏ ఇంగ్లీషు మాటను జపనీస్‌లో ఏమంటారని అడిగినా వెంటనే చెప్పేది కాదు. చున్నీ నడుముకు బిగించి, కళ్ళు మెరిపిస్తూ, "ఎవురికి చెప్పాల?" అనేది. తరతరాలుగా ఆ ఊళ్ళోనే ఉన్న తెలుగింటి మనిషి. తెలుగు చదవడం రాదు కానీ, బోర్డు మీద జపాన్ అక్షరాలు ముగ్గు వేసినంత హుషారుగా రాసేది.

ఒకసారి అక్కకు జపనీస్ నేర్పిన పెద్దావిడ జపాన్ నుంచి మా క్లాసు చూడటానికి వస్తోందని తెలిసింది. "మీకు మా ఊరు నచ్చిందా?" అని అడిగే పని నాకు పడింది. యానాం నుంచి వచ్చినవాణ్ణి, మర్యాదకు లోటు రాకూడదు కదా! ఇంగ్లీషు "యూ"ని జపనీస్‌లో ఏమంటారని అక్కను అడిగాను.

"ఎవురికి? మా టీచరమ్మకా? అయితే ఆ మాట తీసి అవతల పారేయ్!" అంటూ అక్క ఎగిరి గంతేసినంత పని చేసింది. "పక్కింటామెను పెద్దమ్మా, తింటివా అంటావు గదా. ఆడ కూడా అంతే. పెద్దోళ్ళను వరస పెట్టి పిలవాల."

పెద్దావిడ రానే వచ్చింది. జపనీస్‌లో అడిగేశాను: "సెన్సేకి మా ఊరు నచ్చిందా?" సెన్సే అంటే గురువు. ఆవిడ నవ్వి, తలూపి, అక్క వైపు తిరిగి జపనీస్‌లోనే అడిగింది: "ఈ అబ్బాయికి నేర్పింది సెన్సేనా?"

ఎవరిని అంటోందోనని అక్క వెనక్కి తిరిగి చూసింది. వెనక బోర్డు తప్ప ఇంకేమీ లేదు.